బోర్డు మీద గీసి చెప్పండి!

మీటింగులో మీరు నోరు తెరిచేలోపే ఎవరో అడ్డొస్తారు. పది నిమిషాలయ్యాక అదే మాట ఇంకొకరంటే అందరూ తలూపుతారు. ఒళ్లు మండదూ? ఈసారి లేచి వెళ్లి బోర్డు మీద గీసేయండి.

బిల్లు ఎక్కడ ఆగిపోతోందో చెప్పాలనుకోండి. ఒక్కో టేబుల్‌కీ ఒక గడి, మధ్యలో బాణం గుర్తులు, ఎన్ని రోజులు ఆగుతోందో పక్కనే అంకె. బాగా ఆలస్యమయ్యే చోట ఎర్ర రంగు. అంతే! ఇక ఎవరైనా వాదించాల్సింది ఆ అంకెలతోనే.

ఫ్లారెన్స్ నైటింగేల్ చేసిందీ ఇదే. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా, రాకుండా ఆపగలిగిన జబ్బులతోనే ఎక్కువమంది చనిపోయారని 1858లో రంగుల చిత్రం గీసి చూపించారామె. జబ్బులకు నీలం, గాయాలకు ఎరుపు. నీలం ఎంత పరుచుకుందో తెలియడానికి లెక్కలు రానక్కర్లేదు.

'నాకు బొమ్మలు రావే' అనకండి. చుక్కలు కలిపి ముగ్గేసిన చెయ్యే కదా! మనిషంటే గుండ్రటి తల, కింద నాలుగు గీతలు చాలు. అక్షరాలు మాత్రం చివరి కుర్చీకి కూడా కనబడాలి. చేతిలో ఉన్నది చెరగని మార్కరేమో ముందే చూసుకోండి, లేకపోతే తుడవలేక తిప్పలు. చివర్లో కింద తేదీ, మీ పేరు రాసి ఫొటో తీసి అందరికీ పంపండి. పేరు మాత్రం మర్చిపోవద్దు సుమా!