కొత్త ట్యూబ్ ఆంప్ గుయ్‌మంటోందా? రిటర్న్ పెట్టే ముందు ఈ టెస్టులు చేయండి

ట్యూబ్ ఆంప్ కొన్నవాళ్లలో చాలామందికి మొదటి రోజే ఒక డౌట్ వస్తుంది. గిటార్ వాయించకపోయినా ఇది ఇంత సౌండ్ ఎందుకు చేస్తోంది? పీసే పాడైందా, లేక ట్యూబ్ ఆంప్ అంటే ఇంతేనా? ఎవరినైనా అడిగితే రెండే ఆన్సర్లు వస్తాయి. సెల్లర్ "అది నార్మల్ సర్" అంటాడు. ఫ్రెండ్ "రిటర్న్ ఇచ్చేయ్ రా" అంటాడు. రెండూ టెస్ట్ చేయకుండా చెప్పే మాటలే.

నేను ఈమధ్య 5 వాట్ల చిన్న ట్యూబ్ ఆంప్ తీసుకున్నాను. లోపల ఒక 12ఏఎక్స్7 ప్రీఆంప్ ట్యూబ్, ఒక ఈఎల్84 పవర్ ట్యూబ్, 8 అంగుళాల స్పీకర్. లాలాగూడలో నేను అద్దెకుండే పాత ఇంట్లో దాన్ని ఆన్ చేస్తే మూడు రకాల సౌండ్లు వచ్చాయి. రిటర్న్ గడువు 7 రోజులు. ఆ లోపల తేలింది ఏంటంటే, మూడింట్లో రెండు ఆంప్‌వి కాదు, ఇంటివి. మూడోది మాత్రం నిజంగా ఆంప్ లోపమే. ఇంటివైన రెండింట్లో ఒకటి ప్రాణానికే డేంజర్. అందుకే ఈ ఆర్టికల్.

ఇక్కడ రూల్ ఒక్కటే, కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు పాటించేదే: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ వినండి.

ముందు ఇది చదవండి

ఈ టెస్టులన్నీ ఆంప్ బయట నుంచి చేసేవే. లోపలి ఛాసిస్ మాత్రం విప్పొద్దు. ట్యూబ్ ఆంప్ లోపల 300 వోల్టులు, కొన్నింట్లో అంతకంటే ఎక్కువ డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. ఇంకో మాట, స్పీకర్ కనెక్షన్ తీసేసి ట్యూబ్ ఆంప్ ఆన్ చేయకూడదు. లోడ్ లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

అసలు ఇంత సౌండ్ ఎందుకు?

గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, సుమారు వంద మిల్లీవోల్టుల లెక్కలో ఉంటుంది. దాన్ని స్పీకర్ కదిలించేంత పెద్దది చేయాలి. 12ఏఎక్స్7 అనే ఒక్క గాజు గొట్టంలో రెండు ట్రయోడ్లు ఉంటాయి. ఒక్కొక్కటి సిగ్నల్‌ని 50 రెట్లు పెంచుతుందనుకుంటే, రెండూ కలిసి 2,500 రెట్లు. మధ్యలో టోన్ కంట్రోల్స్ కొంత తినేసినా ఇంకా చాలానే మిగులుతుంది. అంటే ఇన్‌పుట్ దగ్గర దూరిన చిటికెడు కరెంటు గోల కూడా స్పీకర్ దగ్గరికి వచ్చేసరికి బాగా వినిపిస్తుందన్నమాట.

తాతల కాలం వాల్వ్ రేడియో ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆన్ చేశాక కాసేపు వేడెక్కడం, తర్వాత సన్నగా గుయ్‌మనడం, స్టేషన్ రావడం. ఆ వాల్వే ఈ ట్యూబ్.

ఒక్కటే పవర్ ట్యూబ్ ఉన్న చిన్న ఆంప్‌లలో కొంచెం హమ్ మామూలే. రెండు ట్యూబులు ఎదురెదురుగా పనిచేసే పుష్-పుల్ ఆంప్‌లో పవర్ సప్లై నుంచి వచ్చే హమ్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చాలావరకు క్యాన్సిల్ అయిపోతుంది. సింగిల్ ట్యూబ్‌కి ఆ సౌకర్యం లేదు. రెండడుగుల దూరంలో సన్నగా వినిపించి, వాయించడం మొదలెట్టగానే మాయమైతే దాని గురించి టెన్షన్ వద్దు.

సౌండ్‌ని బట్టి అనుమానం

గుయ్‌మని కింది స్వరంలో నిలకడగా వస్తే హమ్. ఎర్తింగ్, పవర్ సప్లై, హీటర్ వైరింగ్ మీద అనుమానం పెట్టుకోండి. జుయ్‌మని తేనెటీగలా పదునుగా వస్తే బజ్. ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్, ఎల్‌ఈడీ లైట్, ఛార్జర్, ఇన్వర్టర్ లాంటివి కారణం కావొచ్చు. స్‌స్‌స్ అంటే హిస్. గెయిన్ పెంచితే ఎవరికైనా వస్తుంది. చిటపటలాడితే కేబుల్, జాక్, ట్యూబ్ సాకెట్ లూజ్ కావొచ్చు, లేదా ట్యూబే పోతుండొచ్చు. కీచుమని అరిస్తే, లేదా ఆంప్‌ని తడితే టంగ్ మంటే, మైక్రోఫోనిక్ ట్యూబ్.

నాలుగు స్టెప్పుల టెస్ట్

1. ఇన్‌పుట్‌లో ఏమీ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి ఆన్ చేయండి. గిటార్ ఆంప్‌లలో ఎక్కువ వాటికి, జాక్‌లో కేబుల్ లేనప్పుడు ఇన్‌పుట్ దానంతట అదే గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. కాబట్టి ఇప్పుడు వినిపించేది ఆంప్ సొంత సౌండ్. ఇక్కడే గట్టిగా హమ్ వస్తే పవర్ సెక్షన్‌లో లోపం ఉండొచ్చు, వారంటీకి వెళ్లండి. స్పీకర్ నుంచి కాకుండా డబ్బా నుంచే గుర్‌మంటుంటే అది ట్రాన్స్‌ఫార్మర్ వైబ్రేషన్.

2. ఇంకా గిటార్ పెట్టకుండానే గెయిన్, వాల్యూమ్ మెల్లగా పెంచండి. సౌండ్ కూడా పెరిగితే అది వాల్యూమ్ నాబ్ కంటే ముందున్న స్టేజ్‌లో పుడుతోంది. పెరగకపోతే నాబ్ తర్వాత పుడుతోంది. నా ఆంప్ ఇక్కడే దొరికిపోయింది. గెయిన్ 7 దాటగానే, కేబుల్ కూడా లేకుండానే కీచుమని అరిచింది.

3. ఇప్పుడు గిటార్ పెట్టి, గిటార్ వాల్యూమ్ సున్నాలో ఉంచండి. కొత్తగా సౌండ్ మొదలైతే కేబుల్‌ని అనుమానించండి. ఇంకో కేబుల్ మార్చి చూడండి, పని తొందరగా తేలిపోతుంది.

4. గిటార్ వాల్యూమ్ పెంచి, గిటార్‌తో సహా మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకి తిరిగితే బజ్ తగ్గి, ఇంకో దిక్కుకి పెరిగితే అది పికప్ గాల్లోంచి పట్టుకుంటున్నదే. సింగిల్ కాయిల్ పికప్‌లకి ఈ జబ్బు ఎక్కువ. రెండు కాయిల్స్‌తో దీన్ని క్యాన్సిల్ చేసే హంబకర్‌కి తక్కువ.

నాకు నాలుగో స్టెప్‌లో బజ్ వచ్చింది. రూమ్‌లో ఒక్కొక్క స్విచ్ ఆఫ్ చేస్తూ పోతే, సీలింగ్ ఫ్యాన్ దగ్గర ఆగిపోయింది. ఆ ఫ్యాన్‌కి పాత గుండ్రటి నాబ్ ఉన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంది. ఇలాంటివి ట్రయాక్‌తో కరెంటు వేవ్‌ని మధ్యలో కోసి స్పీడ్ తగ్గిస్తాయి. ఆ కోత దగ్గర పుట్టే గోలే పికప్‌కి తగులుతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి గిటార్ వాయించడం మన ఊళ్లో అయ్యే పని కాదు కాబట్టి, ఓనర్ ఆంటీని అడిగి కెపాసిటర్ టైప్ స్టెప్ రెగ్యులేటర్ పెట్టించాను. బజ్ పోయింది.

పవర్ కట్‌లో మాత్రమే బజ్ వస్తే ఇన్వర్టర్ వైపు చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల వేవ్‌లో హార్మోనిక్స్ ఎక్కువ. కరెంటు వచ్చాక వాయించుకోవడం బెటర్. ఇంకొకటి, ఆంప్ మీద ఫోన్ పెట్టినప్పుడు కాల్ వచ్చే ముందు టిట్-టిటి-టిట్ అనేది 2జీ సిగ్నల్. 4జీ మాత్రమే వాడే ఫోన్లో అది రాదు.

రైలు కరెంటు వల్లా?

మా ఏరియాలో అందరూ ఇదే అన్నారు. లాలాగూడ అంటే రైల్వే వర్క్‌షాప్, ఎలక్ట్రిక్ లోకో షెడ్, పట్టాల మీద 25,000 వోల్టుల తీగలు. ఆ తీగల్లో ఉన్నది కూడా 50 హెర్ట్జ్ కరెంటే, కాబట్టి అనుమానం అర్థం లేనిది కాదు. కానీ టెస్ట్ ఈజీ. రైలు వెళ్తున్నప్పుడు, లైన్ ఖాళీగా ఉన్నప్పుడు వేర్వేరుగా రికార్డ్ చేశాను. తేడా ఏమీ లేదు. ఫ్యాన్ స్విచ్ మాత్రం తేడా చూపించింది. దూరం పెరిగేకొద్దీ ఫీల్డ్ తగ్గిపోతుంది. కిలోమీటర్ అవతలి 25,000 వోల్టుల కంటే మూడడుగుల్లో ఉన్న రెగ్యులేటరే మీ పికప్‌కి పెద్ద శత్రువు.

ఎర్త్ పిన్: ఇక్కడ మాత్రం జోకులొద్దు

నా రెండో సౌండ్ ఒక సన్నని హమ్. స్ట్రింగ్స్ మీద చేయి వేస్తే తగ్గేది. ఇంతవరకైతే చాలా గిటార్లలో మామూలే, ఎందుకంటే స్ట్రింగ్స్ గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. కానీ చేతికి సన్నగా జివ్వుమనడం మామూలు కాదు. సాకెట్ టెస్టర్ పెడితే ఎర్త్ లేదని చూపించింది. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి బోర్డు విప్పితే, పైన పెద్ద రంధ్రం ఉంది కానీ వెనకాల వైరే లేదు. పాత ఇళ్లలో ఇది ఉండే విషయమేనని చెప్పాడు.

దీని అర్థం ఏంటో ఒకసారి ఆలోచించండి. ఆంప్‌లో ఇన్సులేషన్ పోయి ఫేజ్ ఛాసిస్‌కి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ వైరులోకి పోయి ఫ్యూజ్ కొట్టేయాలి. ఎర్త్ లేకపోతే ఛాసిస్, కేబుల్, గిటార్ స్ట్రింగ్స్ అన్నీ లైవ్. మధ్యలో ఉండేది మీ చెయ్యి.

"ఎర్త్ పిన్ తీసేయ్, హమ్ పోతుంది" అనే సలహా మీరూ వినే ఉంటారు. ల్యాప్‌టాప్ లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా ఆంప్‌కి కలిపి, రెండూ వేర్వేరు దారుల్లో ఎర్త్ అయితే గ్రౌండ్ లూప్ వస్తుంది. అప్పుడు పిన్ తీసేస్తే నిజంగానే హమ్ పోతుంది. దాంతోపాటు ప్రాణరక్షణ కూడా పోతుంది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ ఆగితే గ్రౌండ్ లూపే. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి, తగ్గకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ వాడండి.

ఇంటి ఎర్త్ పిట్ ఎక్కడుందో కూడా ఓనర్‌ని అడగండి. మట్టి ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎండాకాలంలో పెద్దవాళ్లు అందులో నీళ్లు పోయించేది ఇందుకే.

ఫోన్‌తో 50, 100 తేల్చేయండి

స్పెక్ట్రాయిడ్ లాంటి స్పెక్ట్రమ్ యాప్ వేసుకుని, ఫోన్ మైక్‌ని స్పీకర్‌కి దగ్గరగా పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. గ్రాఫ్‌లో 50, 150, 250 దగ్గర గీతలు లేస్తే ఎర్తింగ్, హీటర్ వైరింగ్, పికప్, కేబుల్ వైపు చూడాలి. 100, 200, 300 దగ్గర మాత్రమే లేస్తే రెక్టిఫయర్ తర్వాత ఉండే ఫిల్టరింగ్ వైపు చూడాలి. ఫుల్ వేవ్ రెక్టిఫయర్ ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేస్తుంది కాబట్టి ఈ తేడా. చిన్న స్పీకర్‌లో, ఫోన్ మైక్‌లో 50 గీత బలహీనంగా కనిపించొచ్చు. అందుకే 150, 250 కూడా చూడమంటున్నాను.

ట్యూబ్ టెస్ట్

ఆంప్ ఆన్‌లో ఉండగా, వెనక నుంచి కనిపించే చిన్న ట్యూబ్‌ని చెక్క పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. వేడిగా ఉంటుంది, చేత్తో ముట్టొద్దు. కొద్దిగా టక్‌మంటే పర్లేదు. గంటలా మోగి, ఆ మోత నిలబడిపోతే లోపలి లోహపు భాగాలు కదులుతున్నట్టే. నాది అలాగే మోగింది. ఆంప్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక ఫ్రెండ్ దగ్గరి ఇంకో 12ఏఎక్స్7 పెట్టి చూస్తే కీచు ఆగిపోయింది. ప్రీఆంప్ ట్యూబ్‌కి ఇలా మార్చొచ్చు. పవర్ ట్యూబ్ అయితే కొన్ని ఆంప్‌లలో బయాస్ సెట్ చేయాలి, దాన్ని టెక్నీషియన్‌కి వదిలేయండి. ట్యూబులు కనిపించకుండా పూర్తిగా మూసి ఉన్న మోడల్ అయితే కూడా అంతే.

అమెరికా నుంచి తెచ్చిన ఆంప్ అయితే

కజిన్ తెచ్చిన ఆంప్ వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే మన సాకెట్లో నేరుగా పెట్టొద్దు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దానికి ఎర్త్ కూడా ఉండాలి. అది వోల్టేజీని తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కే డిజైన్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర ఎక్కువ వేడెక్కొచ్చు, గుర్‌మనొచ్చు. వెనక 50/60 అని ఉందో లేదో ముందే చూసుకోండి. ఫ్యూజ్ పోతే పెద్ద రేటింగ్ ఫ్యూజ్ మాత్రం వేయకండి.

సపోర్ట్‌తో ఎలా మాట్లాడాలి

నేను మొదటిసారి కాల్ చేసినప్పుడు "ట్యూబ్ ఆంప్ అంటే నాయిస్ ఉంటుంది సర్" అని టికెట్ క్లోజ్ చేశారు. రెండోసారి 40 సెకన్ల వీడియో పంపాను. అందులో ఇన్‌పుట్ ఖాళీగా ఉంది, గెయిన్ నాబ్ 7 దగ్గరుంది, కీచు వినిపిస్తోంది, పెన్సిల్‌తో తడితే మోగుతోంది. "ట్యూబ్ మారిస్తే ఆగింది" అని ఒక్క లైన్ రాశాను. ఈసారి వాదన లేకుండా కొత్త ట్యూబ్ పంపారు. "సౌండ్ వస్తోంది" అనేది కంప్లైంట్. "ఈ కండిషన్‌లో ఈ సౌండ్ వస్తోంది" అనేది బగ్ రిపోర్ట్. రెండోదానికే పని జరుగుతుంది.

రిటర్న్ గడువు నడుస్తుంటే ఈ ఆర్డర్‌లో వెళ్లండి: మొదటి రోజు సాకెట్ ఎర్త్, తర్వాత పైన చెప్పిన నాలుగు స్టెప్పులు, చివర్లో పెన్సిల్. గిటార్ లేకుండా వచ్చే సౌండ్ అయితే కంపెనీకి వీడియో పంపండి. గిటార్ పెడితేనే వచ్చే సౌండ్ అయితే ముందు కేబుల్, తర్వాత మీ గోడ మీది స్విచ్ బోర్డు చూడండి. చేతికి జివ్వుమంటే మాత్రం టెస్టులన్నీ పక్కన పెట్టి ప్లగ్ తీసేయండి, ఎలక్ట్రీషియన్ వచ్చేవరకు ఆ సాకెట్ వాడకండి.