వానాకాలం షూ వాసన: సెంటు కొడితే పోదు

స్కూలు బస్సు దిగిన పిల్లలు గుమ్మంలో షూ విప్పగానే వచ్చే వాసన గురించి ఈ నెలలో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో మనం నవ్వి ఊరుకుంటాం. క్లాసులో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే మాత్రం ఏ పిల్లాడూ ఇంటికొచ్చి ఆ మాట చెప్పడు. షూ విప్పాల్సిన చోటికి వెళ్లడమే మానేస్తాడు.

నిజానికి చెమటకు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా ఆ చెమటను ఐసోవాలరిక్ ఆమ్లం లాంటి పదార్థాలుగా మారుస్తుంది. కంపు వాటిది. బ్యాక్టీరియా పెరగడానికి తడి కావాలి కాబట్టి, ఆరబెట్టడమే అసలు మందు. ఇంటికి రాగానే షూ లోపలి సోల్ బయటకు తీయండి. పాత న్యూస్ పేపర్ ఉండలు చుట్టి లోపల కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. గంటా రెండు గంటలకు ఆ కాగితం మార్చాలి. తడి షూని మూసి ఉన్న ర్యాక్‌లో పెట్టడం కంటే గుమ్మం బయట వదిలేయడం నయం. రెండు జతలు మార్చి మార్చి వేస్తే ఇంకా మంచిది. అది అందరికీ కుదరకపోవచ్చు గానీ, సాక్సులు మాత్రం రోజూ ఉతికినవే ఉండాలి. రాత్రి షూలో చెంచాడు వంట సోడా చల్లి పొద్దున దులిపేయండి. అది క్షారం కనుక ఆమ్లాల వాసనను తగ్గిస్తుంది.

చేపల వాసన దీనికి సరిగ్గా తిరగబడిన లెక్క. దానికి కారణమైన ట్రైమిథైలమైన్ క్షారం. దాన్ని విరిచేది పులుపు. నిమ్మరసమో చింతపండో పట్టించి చేపలు కడిగే మన అమ్మమ్మలు ఈ కెమిస్ట్రీ చదవలేదు, అంతే. లంచ్ బాక్సు ఎంత తోమినా వాసన పోవడం లేదంటే మూతలోని రబ్బరు రింగు తీసి చూడండి. నిన్నటి సాంబారు అక్కడే ఉంటుంది.

సెలవులకు ఊరెళ్లి వచ్చాక బాత్రూంలో డ్రైనేజీ కంపు వస్తే ఫినాయిల్ కోసం పరుగెత్తకండి. జాలీ కింద గొట్టం వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండి, కింది గాలిని పైకి రాకుండా ఆపుతాయి. అవి ఆరిపోయి ఉంటాయి. ఒక మగ్గు నీళ్లు పోస్తే సరి. కంపు మరీ ఎక్కువగా ఉందని టాయిలెట్ యాసిడ్‌లో బ్లీచింగ్ కలపడం మాత్రం ప్రమాదం. ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

యూనిఫాంల బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు ఉంటే ఈ ఏడాది మానేయండి. చిన్నపిల్లలు వాటిని పిప్పరమెంట్లనుకుని నోట్లో వేసుకుంటారు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు వాటిలోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియదు కూడా.

గ్యాస్ వాసనను మాత్రం ఎప్పుడూ అగరుబత్తితో కప్పిపుచ్చకండి. లీకు తెలియాలనే ఆ వాసనను కావాలని కలుపుతారు. వాసన తగిలితే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలతో బయటికొచ్చేయండి. అక్కడి నుంచి 1906కు ఫోన్ చేయండి.