పొందూరు నూలు — ప్రాథమిక పాఠశాలకు ఒక పాఠ్యప్రణాళిక

ఒక వస్తువును కేంద్రముగా గైకొని, దాని చుట్టును భాష, గణితము, విజ్ఞానము, చరిత్ర, భూగోళములను అల్లి బోధించు పద్ధతి క్రొత్తది కాదు. 1937 లో వార్ధాలో జరిగిన విద్యాసభ పిమ్మట, డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ప్రాథమిక విద్యను ఒక చేతిపనితో ముడివేయవలెనని సూచించినది. ఆ సంఘము కూర్చిన దినచర్యలో ఐదున్నర గంటలకు గాను 3 గంటల 20 నిమిషములు చేతిపనికే పోయెను. పిల్లలు చేసిన వస్తువుల నమ్మి ఉపాధ్యాయుని జీతము రాబట్టవచ్చునన్న ఆశను ఆనాడే పలువురు తప్పుపట్టిరి. ఆ విమర్శ న్యాయమైనదే. పసివాడు పాఠశాలకు వచ్చుట నూలు ఉత్పత్తికి గాదు. అయినను మూలభావము చెడినది కాదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కూడ 3 నుండి 5 తరగతులకు విజ్ఞానమును, సాంఘికమును విడదీయక పరిసరాల విజ్ఞానముగా చెప్పుమన్నది.

శ్రీకాకుళం జిల్లాలో ఇట్టి బోధనకు పొందూరు ఖద్దరును మించిన వస్తువు దొరకుట కష్టము. గాంధీజీ మెచ్చిన ఈ నేతకు కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి వాడుచు వచ్చిరి. పత్తిని గింజ తీయకముందే వాలుగచేప దవడతో దువ్వుట ఇచ్చటి విశేషము. చేప దవడ దువ్వెన యెట్లయినది? ఈ ఒక్క ప్రశ్న చాలును, తరగతి మేల్కొనుటకు. వాలుగ ఇతర చేపలను పట్టి తినును. జారిపోవు ఎరను పట్టి నిలుపుటకు దాని దవడ నిండ సన్నని పండ్లు దట్టముగా నుండును. ఆ పండ్లే పత్తిలోని నలుసులను ఏరివేసి, పోగులను ఒక దిక్కునకు సర్దును. పిమ్మట గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండ ఎండిన అరటిబొదెలో దాచుదురు. ఒక్క పనిలో చేప, చెట్టు, మనిషి ముగ్గురును కలిసిరి!

పత్తిపోగు ఒక్కొక్కటియు గింజ పైపొరనుండి సాగిన ఒకే ఒక కణము. కాయ పగిలినప్పు డది ఎండి, గొట్టము చదునై, రిబ్బను వలె మెలికలు తిరుగును. ఆ మెలికలే పోగుల నొకదానితో నొకటి పట్టియుంచును. లేనిచో రాట్నము ఎంత త్రిప్పినను దారము నిలువదు.

గణితమునకు ఇచ్చట మంచి పని గలదు. నూలు సన్నదనమును కౌంటు, లేక నంబరుతో చెప్పుదురు. 840 గజముల నూలు ఒక చిలప. ఒక పౌను బరువునకు ఎన్ని చిలపలు తూగునో అదియే నంబరు. పొందూరు ప్రసిద్ధి యంతయు 100 నంబరు సన్ననూలుతోనే గదా. అట్టిది ఒక పౌను తీసుకొన్నచో 84,000 గజములు, అనగా 76 కిలోమీటర్లకు పైబడి సాగును! పిల్లలకు గజము, పౌను తెలియవు గనుక మీటరు, గ్రాములలోనికి మార్చవలెను. ఒక నంబరు నూలు గ్రామునకు సుమారు 1.7 మీటర్లు. చుట్టుకొలత సరిగా ఒక మీటరు గల పలకకు నూలు చుట్టించి, ఒక గ్రాము తూగువరకు చుట్లు లెక్కింపజేయుడు. 102 చుట్లు వచ్చినచో, దానిని 1.7తో భాగింపగా 60 నంబరని తేలును. సంఖ్య పెరిగినకొలది దారము సన్నబడుట పిల్లలను మొదట తికమక పెట్టును. తొందరపడి వివరింపరాదు, రెండు రకముల నూలు చేతికిచ్చిన వారే గ్రహింతురు.

ప్రణాళికలో తరచు మరచునది కాలము. పత్తి విత్తి కాయ పగులుటకు ఐదారు నెలలు పట్టును. జూన్‌లో బడి తెరచినప్పుడే కుండీలలో విత్తినగాని డిసెంబరు పాఠమునకు కాయ దొరకదు. మొలక, ఆకు, పువ్వు తేదీలను పిల్లలే వ్రాసికొన్నచో అదియే భాషాపాఠము. సన్ననూలు వడుకు స్త్రీలు పలువురు పెద్దవయసువారు. ఒక అమ్మమ్మను ఒక పూట బడికి పిలిచి కదురు త్రిప్పించుట ఏ పటముకంటెను మేలు. ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులను నడుపు గ్రామములలో ఈ పద్ధతి వలన మరియొక సౌలభ్యము గలదు: అందరును ఒకే వస్తువు చుట్టు కూర్చుందురు, చిన్నవారు ఏకులు లెక్కింతురు, పెద్దవారు నంబరు కట్టుదురు.

ఇక అతుకులు. భిన్నములు, గుణింతములు నూలుతో ముడిపడకున్నచో ముడివేయనక్కరలేదు. దినమున కొక గంట చదువుటకు, లెక్కలకు విడిగా ఉంచితీరవలెను. అది లేని బడిలో పిల్లలు పత్తిని గూర్చి ఎంతో చెప్పుదురు, పత్తి అను మాట మాత్రము వ్రాయలేరు.

విజయనగరం పల్లెలు పొందూరును అనుకరింపనేల? అచ్చట గోగునార ఉన్నది. గోగుకట్టలను నీటిలో ఊరవేయగా, కాండములో నారను అంటియున్న పెక్టిన్‌ను సూక్ష్మజీవులు తినివేయును; నార విడివడును. ఆ నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చుటయు, చెరువు కంపుకొట్టుటయు పిల్ల లెరిగినదే. ఒక గోగుకాడను బకెట్టులో ఊరవైచి, ప్రతిదినము ఒక ముక్క తీసి నార ఏనాటికి ఊడివచ్చునో వ్రాయించినచో చాలును. నీరు వెచ్చగానున్న త్వరగాను, చల్లగానున్న ఆలస్యముగాను ఊరును. రెండు బకెట్లు, ఒక ఉష్ణమాపకము ఉన్నచో పరీక్ష పూర్తియగును. ఉష్ణమాపకమును, గ్రాములు తూచు త్రాసును సమీపమందలి ఉన్నత పాఠశాల ప్రయోగశాల ఒక వారము ఎరువిచ్చిన మంచిది. అచ్చటి సూక్ష్మదర్శినిలో పత్తిపోగు మెలికలను కూడ ఈ పిల్లలకు పెద్ద తరగతుల విద్యార్థులే చూపవచ్చును.