బెర్లిన్ గోడబొమ్మలు, పెరిగిన అద్దెలు

1961లో బెర్లిన్ గోడ లేవడంతో క్రాయిట్స్‌బెర్గ్ పేట నగరానికి ఓ మూలకు పడిపోయింది. దాని తూర్పు కొసకు మూడు వైపులా గోడే. వ్యాపారాలు తరలిపోయాయి, పాత భవనాలు మరమ్మతుల్లేక పాడుపడ్డాయి. అద్దెలు చవక కావడంతో టర్కీ నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చిన కుటుంబాలు, విద్యార్థులు, చిత్రకారులు అక్కడ చేరారు. ఖాళీ ఇళ్లను యువకులు ఆక్రమించుకుని కాపురం పెట్టారు. వీధి గోడలు రాతలతో, బొమ్మలతో నిండిపోయాయి. 1989లో గోడ కూలాక ఈ మారుమూల పేటే నగరం నడిబొడ్డు అయింది.

ఆ తర్వాత జరిగింది చాలా నగరాలు చూసిందే. కళాకారుల వల్ల పేటకు పేరొస్తుంది. ఆ పేరు విని కెఫేలు, పర్యాటకులు, వాళ్ల వెనకే బిల్డర్లు వస్తారు. మొదటినుంచీ ఉన్నవాళ్లు అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేస్తారు. 1964లో లండన్ శ్రామిక పేటల గురించి రాస్తూ సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ దీన్ని జెంట్రిఫికేషన్ అన్నారు. అయితే అద్దెలు పెరిగిన పాపమంతా బొమ్మల మీద వేయడం అన్యాయం. బెర్లిన్ మళ్లీ రాజధాని కావడం, అప్పుల్లో పడ్డ నగర ప్రభుత్వం తన ఇళ్లను వేల సంఖ్యలో కంపెనీలకు అమ్మేయడం అసలు కారణాలు. బొమ్మలు ఆ పేటకు ఖర్చులేని ప్రచారం చేసిపెట్టాయి.

ఈ ప్రచారం ఎవరికి లాభించిందో క్రాయిట్స్‌బెర్గ్‌లోని కువ్రీ వీధి గోడలు చెబుతాయి. స్ప్రే నది ఒడ్డున ఖాళీ స్థలాన్ని ఆనుకున్న రెండు భవనాల పక్కగోడల మీద ఇటలీ చిత్రకారుడు బ్లూ 2007, 2008లలో భారీ చిత్రాలు వేశాడు. ఒకదానిలో ఇద్దరు ఒకరి ముసుగు ఒకరు లాగుతుంటారు. రెండోదానిలో టై కట్టుకున్న మనిషి, తల కనబడదు. రెండు ముంజేతులకూ బంగారు గడియారాలు, వాటిని కలుపుతూ గొలుసు: గడియారాలే సంకెళ్లు. డబ్బు మీద విసిరిన ఈ విమర్శ పోస్టుకార్డుల మీదికి ఎక్కింది, పర్యాటకుల ఫొటోల్లో చేరింది. ఆ ఖాళీ స్థలంలో గుడారాలు, రేకుల పాకలు వేసుకుని బతుకుతున్నవారిని 2014 సెప్టెంబరులో ఖాళీ చేయించారు. అప్పటికి అక్కడ కొత్త కట్టడం రావాల్సి ఉంది. ఆ డిసెంబరులో ఒక రాత్రి, బ్లూ సమ్మతితోనే, అతనితో కలిసి పనిచేసినవారు రెండు గోడలకూ నల్లరంగు పూసేశారు. తమ బొమ్మ స్థలం ధర పెంచే అలంకారం కాకూడదన్నది వారి వాదన. చాలామంది బాధపడ్డారు, కానీ వేసినవాడికి చెరిపే హక్కూ ఉంటుంది.

న్యూయార్క్‌లో కథ వేరుగా నడిచింది. ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీది చిత్రాలకు యజమాని 2013లో రాత్రికి రాత్రే తెల్లరంగు కొట్టించాడు. కళాకారులు కోర్టుకెక్కారు. 2018లో న్యాయమూర్తి 21 మందికి 67.5 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించారు.

మళ్లీ బెర్లిన్‌కు వస్తే, నల్లరంగు వల్ల కువ్రీ వీధిలో ఎవరి అద్దె కూడా తగ్గలేదు. అద్దె కోసం కొట్లాడింది అక్కడికి దగ్గర్లోని కొట్బుసర్ టోర్ కూడలి జనం. ఎక్కువగా టర్కీ మూలాలున్న ఈ కుటుంబాలు 2012లో కూడలిలోనే చెక్క గుడిసె కట్టుకుని నిరసనకు కూర్చున్నాయి. 2017లో ఆ కూడలిలోని పెద్ద నివాస భవనం ప్రైవేటు మదుపరుల పాలు కాకుండా నగర ప్రభుత్వ గృహ సంస్థ కొనేసింది.