రెండు చేతులూ ఖాళీ లేవా? కాలుందిగా!

నాటకాల్లో హార్మోనియం వాయించేవాళ్లని గమనించారా? కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద. రాగం పైకెళ్తే గాలి పెరుగుతుంది, నటుడు అందుకోగానే తగ్గుతుంది. పాటకి ఊపిరంతా ఆ ఎడమచేతిలోనే.

స్టేజి కీబోర్డులో ఆ చెయ్యి కూడా మెట్ల మీదే ఉండాలి. పియానో సౌండయితే పర్లేదు, మోగి దానంతటదే తగ్గిపోతుంది. స్ట్రింగ్స్, ఆర్గాన్ అలా కాదు. నొక్కినంతసేపూ ఒకటే మోత. గాయని చరణం మెల్లగా ఎత్తుకున్నా అదే మోత. అప్పుడు మిక్సర్ దగ్గరున్న సౌండ్ అన్న మీ ఫేడర్ కిందికి లాగేస్తాడు. ఆ తర్వాత మీరెంత బాగా వాయించినా జనానికి వినపడదు.

అందుకే పెడల్. కాకపోతే చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలున్నాయి.

వాల్యూమ్ పెడల్ అంటే కాలికింద కుళాయి. కీబోర్డు నుంచి బయటికొచ్చిన ఆడియో మొత్తం అందులోంచే పోతుంది. గిటార్ కోసం చేసినది కాకుండా లో ఇంపిడెన్స్ ది, స్టీరియోది తీసుకోండి. బాస్ కంపెనీలో ఎఫ్‌వీ-500హెచ్ గిటార్‌కి, ఎఫ్‌వీ-500ఎల్ కీబోర్డుకి. ఒక్క అక్షరమే తేడా!

ఎక్స్‌ప్రెషన్ పెడల్లోంచి ఆడియో అసలు వెళ్లదు. లోపల ఓ పొటెన్షియోమీటర్, అంతే. పెడల్ ఎంత వంగిందో కీబోర్డుకి చెప్తుంది. కీబోర్డు దాన్ని 0 నుంచి 127 లోపు అంకెగా మార్చుకుని, మామూలుగా మిడి కంట్రోల్ 11కి ఇస్తుంది. వాల్యూమ్ నంబర్ 7. సౌండ్ల మధ్య బ్యాలెన్స్ ముందే 7తో కుదుర్చుకుంటే, 11 ఆ హద్దులోపల పెరిగి తరుగుతుంది.

నన్నడిగితే మొదట కొనాల్సింది ఇదే. పియానో, స్ట్రింగ్స్ కలిపి వాయిస్తున్నారనుకోండి. చాలా స్టేజి కీబోర్డుల్లో పెడల్‌ని ఒక్క స్ట్రింగ్స్‌కే కట్టేయొచ్చు. పియానో అలాగే ఉంటుంది, వెనక స్ట్రింగ్స్ మాత్రం మెల్లగా లేస్తాయి. వాల్యూమ్ పెడల్‌తో ఇది కుదరదు, అది అన్నిటినీ కలిపి నొక్కేస్తుంది, రివర్బ్ తోకతో సహా.

ఒక్క చిక్కుంది. యమహా ఎఫ్‌సీ7, రోలాండ్ ఈవీ-5 రెండిటికీ ఒకేలాంటి 6.35 మిల్లీమీటర్ల స్టీరియో జాక్. లోపలి వైరింగ్ మాత్రం వేరు. రోలాండ్‌లో సిగ్నల్ జాక్ కొన మీద వస్తే, యమహాలో మధ్య రింగ్ మీద వస్తుంది. ఒకదానిది ఇంకోదానికి పెడితే సగం దూరం ఏమీ జరగదు, చివర్లో ఒక్కసారి దూకుతుంది. జనం పెడల్ పాడైందనుకుంటారు. కొనేముందు మీ కీబోర్డు మాన్యువల్ చూడండి. కొన్ని పెడళ్లకి వైరింగ్ మార్చే స్విచ్ కూడా ఉంటుంది. అలాగే సస్టైన్ జాక్‌లో గుచ్చకండి, అది ఆన్-ఆఫ్ స్విచ్ కోసం.

కూర్చుని వాయిస్తే కుడికాలు సస్టైన్‌కి, ఎడమకాలు దీనికి. నిలబడి రెండూ తొక్కడం సర్కసే. ఈవీ-5కి కనీస వాల్యూమ్ నాబ్ ఉంది, దాన్ని సున్నాకి కాస్త పైన పెట్టుకోండి. కాలు పూర్తిగా వెనక్కి పోయినా సౌండ్ మాయమవదు. మామూలుగా వాయించేటప్పుడు పెడల్ ముప్పావు వంతు దగ్గర ఉంచితే, ఇంటర్‌లూడ్‌లో పైకి వెళ్లడానికి చోటుంటుంది. ఆన్ చేశాక పెడల్ ఒకసారి చివరిదాకా తొక్కి వదిలి, అప్పుడు సౌండ్ చెక్‌కి కూర్చోండి.