పట్టాల ప్రక్కన చెప్పిన పాఠం

బొగ్గుబండ్ల చప్పుడు వినకుండా నిద్రపోవడం బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పిల్లలకు తెలియదు. అయినను ఆ బొగ్గు ఎక్కడిది, ఎక్కడికి పోవుచున్నదని అడిగితే మౌనమే సమాధానం!

గత వేసవి సెలవులలో ఉద్యోగుల పిల్లలకు పారిశ్రామికాభివృద్ధిని గురించి, దేశాలు విదేశాలకు విస్తరించిన తీరును గురించి పాఠాలు చెప్పాలని మేము సంకల్పించాము. పాఠ్యపుస్తకపు వరుసనే పట్టుకొని ఆవిరియంత్రం, లాంకషైర్ మిల్లులు, వలసరాజ్యాలు అంటూ ఆరంభించాము. రెండవ నాటికే సగం బల్లలు ఖాళీ అయినవి. తప్పు పిల్లలది కాదు, మాది.

మూడవనాడు వారిని స్టేషను వంతెన మీదికి తీసుకొని వెళ్ళాము. 1887లో లండన్‌లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన దారి ఇది. 1891లో నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు మార్గం తెరచుకొన్నది. పట్టాలు, ఇంజన్లు ఇంగ్లండు నుండి వచ్చినవి. పెట్టుబడిపై వడ్డీకి ప్రభుత్వం పూచీ. మట్టిమోసిన భుజాలు మాత్రం మనవి. విస్తరణ అంటే ఏమిటో, అది జరిగిన చోటనే నిలబడి చెప్పేసరికి పిల్లలకు ఇట్టే బోధపడింది. 1931లో పార్వతీపురం–రాయపూర్ మార్గం పూర్తి అయినదని చెప్పగానే, "మా తాతగారు ఆ దారినే రేకుపెట్టెతో వచ్చారట!" అని ఒక బాలుడు ఉత్సాహంగా లేచాడు.

ఆ పిమ్మట కథ పరుగుతీసింది. 1944లో కంపెనీ రైల్వే ప్రభుత్వపరమైనది. 1950లో చిత్తరంజన్ కర్మాగారం ఇంజన్ల తయారీని ఆరంభించింది. సోవియట్ సహకారంతో 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. 1976లో వారణాసిలో తయారైన డీజిల్ ఇంజను టాంజానియాకు ఎగుమతి అయింది. అదే సంవత్సరం ఏర్పడిన ఇర్కాన్ సంస్థ మలేషియాలో సెరెంబాన్–గెమాస్ జంటమార్గాన్ని వేసి, 2013లో పూర్తిచేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము.

అప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె, "మాస్టారూ, పరదేశంలో పట్టాలు వేసే మనమూ ఆ కంపెనీ లాంటివాళ్ళమేనా?" అని అడిగింది. అక్కడి ప్రభుత్వం కోరి కాంట్రాక్టు ఇస్తుందని, పని ముగిసిన తరువాత మార్గం వారిదేనని వివరించాము. ఆమె ఊరుకోలేదు. "మరి కోర్బాలో బొగ్గుకోసం ఊళ్ళు ఖాళీచేసిన వాళ్ళను ఎవరు కోరారు?"

నిజం చెప్పాలంటే మేము తడబడ్డాము. భూమికి పరిహారం, ఉద్యోగం అని ఏదో చెప్పబోయి మానుకొన్నాము. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పడం ఉపాధ్యాయునికి తగదు గదా.

మరుసటి ఆదివారం, భూమి ఇచ్చి గనిలో ఉద్యోగం పొందిన ఒక పెద్దాయనను తరగతికి ఆహ్వానించాము. జీతం వల్లనే తన పిల్లలు చదువుకొన్నారని ఆయన దాచకుండా చెప్పారు. భూమిలేని పొరుగువారు ఏమైనారో తనకు తెలియదనీ చెప్పారు. పిల్లలు ఆయన ఊరి చెరువుల పేర్లు అడిగారు. మూడు గుర్తున్నవి, నాల్గవది ఎంతకూ రాలేదు. నల్లబల్లమీద 1891, 1959 అంకెల ప్రక్కనే ఆ బాలిక మూడు పేర్లూ వ్రాసి, నాల్గవదానికి చోటు వదలిపెట్టింది.