జూన్ 4కీ 12కీ మధ్య మన ముఖ్యమంత్రి ఎవరు?

2025 జనవరి 20, రాత్రి పదిన్నర. హాస్టల్లో నా పక్క బెడ్ వాడి ల్యాప్‌టాప్‌లో ట్రంప్ ప్రమాణ స్వీకారం లైవ్ వస్తోంది. అక్కడ టైం మధ్యాహ్నం 12. దిగిపోతున్న బైడెన్ కూడా అక్కడే కూర్చుని చూస్తున్నాడు. "నవంబర్ 5న గెలిచినోడు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నాడ్రా?" అని అడిగాడు మావాడు. లెక్కేస్తే 76 రోజులు.

ఇదే ప్రశ్న నన్ను ఏడు నెలల ముందే ఒకరు అడిగారు. మా అవ్వ.

మాది వడమాలపేట. తిరుపతి నుంచి చెన్నై పోయే దారిలో టోల్‌గేట్ వచ్చే ఊరంటే చాలామందికి తెలుస్తుంది. 2024 మార్చి చివర్లో, ఎన్నికల కోడ్ ఉంది కాబట్టి వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్‌లో అవ్వ ఎండలో సచివాలయానికి నడిచింది. మే నెలలో డబ్బులు నేరుగా బ్యాంకు ఖాతాలో పడ్డాయి. అవ్వ ఖాతా ఏళ్ళ తరబడి వాడక మూలన పడి ఉంది. దాన్ని కదిలించడానికి రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. జూన్ 4న ఫలితాలు రాగానే ఆమెకు పార్టీల గోల పట్టలేదు. "వాళ్ళు ఓడిపోయినారు, వీళ్ళింకా కుర్చీలో కూసోలేదు. మళ్ళ ఒకటో తేదీ నా పింఛను ఎవురిస్తార్రా?" అంది.

"తెలీదవ్వా" అన్నాను. పదిహేనేళ్ళు ఇంగ్లిష్ మీడియంలో చదివి, సివిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడి జవాబు అది. ఇప్పుడు ఈ వ్యాసం కోసం కూర్చుని చదివాను.

ముందు అమెరికా సంగతి. ఒకప్పుడు అక్కడ కొత్త అధ్యక్షుడు మార్చి 4న కుర్చీ ఎక్కేవాడు. గుర్రాల మీద ప్రయాణాలు చేసే కాలపు లెక్క అది. లింకన్ 1860 నవంబర్‌లో గెలిచి మార్చి కోసం ఎదురు చూస్తుండగానే ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. దిగిపోయేవాడు ఏమీ చేయలేదు, గెలిచినవాడికి అధికారం లేదు. చివరికి 1933లో 20వ సవరణతో ఆ తేదీ జనవరి 20కి వచ్చింది. 1963లో ఒక చట్టం చేసి, గెలిచినవాళ్ళ బృందానికి ఆఫీసు, డబ్బు, సమాచారం ఇవ్వాలన్నారు. ఎందుకంత హడావుడి అంటే, అధ్యక్షుడు మారితే సుమారు 4000 పదవుల్లో మనుషులు మారతారు. 2001లో క్లింటన్ మనుషులు ఖాళీ చేసి వెళ్ళాక చూస్తే కొన్ని కీబోర్డుల్లో డబ్ల్యూ కీ లేదట. వచ్చేవాడు జార్జ్ డబ్ల్యూ బుష్ కదా! కీబోర్డు మీద బతికే మనకు ఆ బాధ తెలుసు.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. 2024 జూన్ 4న 175 సీట్లలో కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. జగన్ అదే రోజు గవర్నర్ అబ్దుల్ నజీర్‌కు రాజీనామా పంపారు. కొత్త ప్రభుత్వం వచ్చేదాకా కొనసాగమని గవర్నర్ చెప్పారు. కాబట్టి టైటిల్‌లోని ప్రశ్నకు జవాబు: జూన్ 12 ఉదయం కేసరపల్లిలో చంద్రబాబు ప్రమాణం చేసేదాకా ముఖ్యమంత్రి జగనే. పేపర్లు దీన్నే 'ఆపద్ధర్మ ముఖ్యమంత్రి' అంటాయి. ఆ మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదన్నది ఒక ఆనవాయితీ, అంతే. నిజానికి అధికారం ప్రమాణం దాకా ఆగదు. జూన్ 7నే కొత్త చీఫ్ సెక్రటరీగా నీరభ్ కుమార్ ప్రసాద్ నియామకం జరిగిపోయింది.

మరి ఆ ఎనిమిది రోజులు బండి ఎలా నడిచింది? మన బ్యాచ్ వాళ్ళు ఒకటి గుర్తు తెచ్చుకోండి. మన ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చింది జూన్ 11న. కొత్త మంత్రి ఇంకా లేడు, అధికారులే విడుదల చేశారు. మనలో ఎవరమైనా గమనించామా? కలెక్టరు, తహసీల్దారు, సచివాలయం ఉద్యోగి, వీళ్ళ ఉద్యోగాలు ఎన్నికతో పోవు. బదిలీలు అవుతాయి, అది వేరే కథ. సర్వర్ ఆపకుండా అడ్మిన్‌ను మార్చినట్టు.

అయితే ఇది ఎప్పుడూ ఇంత నున్నగా జరగలేదు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. తనకు మెజారిటీ ఉందని, రెండు రోజుల్లో అసెంబ్లీలో చూపిస్తానని ఎన్టీఆర్ అన్నా వినలేదు. కొత్తాయనకు మాత్రం బలం నిరూపించుకోవడానికి 30 రోజులు ఇచ్చారు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను కర్ణాటకకు తీసుకెళ్ళి కాపాడుకోవాల్సి వచ్చింది. ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. రాంలాల్ వెళ్ళిపోయారు, శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల. మా తాత ఇప్పటికీ ఆ నెల గురించి నిన్న జరిగినట్టే చెప్తాడు.

అక్కడ చెడింది ఒక్కటే: తలలు ఎక్కడ లెక్కపెట్టాలన్నది. రాజ్‌భవన్‌లోనా, అసెంబ్లీలోనా? అసెంబ్లీలోనే అని సుప్రీంకోర్టు తేల్చి చెప్పడానికి 1994 దాకా పట్టింది. ఎస్.ఆర్. బొమ్మై కేసు, తొమ్మిది మంది జడ్జిలు. 2024లో అంకెలు అంత తేడాగా ఉన్నాయి కాబట్టి ఆ గొడవే రాలేదు. నాలుగైదు సీట్ల తేడా అయ్యుంటే మనమూ రిసార్టుల వార్తలు చూసేవాళ్ళం అని నా అనుమానం.

ఇక పింఛను. జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి పెట్టిన మొదటి సంతకాల్లో పింఛను పెంపు ఒకటి. 3000 కాస్తా 4000 అయింది, ఏప్రిల్ నుంచి లెక్క. పథకం పేరు కూడా మారింది, వైఎస్సార్ పోయి ఎన్టీఆర్ వచ్చారు. జూలై 1న పొద్దున్నే సచివాలయం ఉద్యోగి మా ఇంటికొచ్చి అవ్వ వేలిముద్ర తీసుకుని 7000 చేతిలో పెట్టాడు. ఏప్రిల్‌లో ఆమెకు సచివాలయంలో డబ్బులిచ్చిందీ అతనే.

అవ్వ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. "గవర్నమెంటు మారిందన్నావే, ఈ పిల్లోడు మారలేదే?" అంది.